గోడమీది బొగ్గు గీత

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు కార్యములును ఎంతటి ధనవ్యయమునకు కారణములో చేసిన వారికే తెలియును. కాని ఇల్లు కట్టుటతో వ్యయము తీరిపోదు. కట్టిన ఇంటిని చెడకుండ నిలుపుకొనుట మరియొక యెత్తు. ఎండకు గోడ నెఱ్ఱెలు విచ్చును. వానకు కప్పు కారును. తలుపులకు చెదలు పట్టును. పెరటిలో మురుగు నిలిచి దోమలు పెరుగును. ఇట్టి పనులన్నిటికిని కూలి యిచ్చి చేయించుకొనగల స్తోమత సామాన్య గృహస్థునకు ఉండదు. అట్లని చేయకుండ విడిచినచో నేటి పది రూపాయల పని రేపు వంద రూపాయల పని యగును. కావున కొన్ని పనులను మనము స్వయముగా చేసికొనుట అవసరము.

అయితే ఏ పని మనము చేయదగినది? ఏ పని చేయరానిది? ఈ ప్రశ్నకు నాకు సమాధానము చెప్పినది గ్రంథము కాదు. ఒకప్పుడు నావద్ద చదువుకొన్న ఒక తాపీ మేస్త్రీ. ఆ వృత్తాంతమే ఈ పాఠము.

మా ఊరు మంచిర్యాల. గోదావరి నదికి ఉత్తరపు గట్టున నున్న పట్టణమిది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. చుట్టును సింగరేణి బొగ్గు గనులు, సున్నపురాయి నేలలు, టేకు అడవులు కలవు. వేసవిలో ఇచ్చటి ఎండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. వర్షము సంవత్సరమునకు సుమారు 1,000 మిల్లీమీటర్లు కురియును గాని, అందులో అధిక భాగము జూన్ మొదలు సెప్టెంబరు లోపలనే కురిసి పోవును. అనగా నాలుగు నెలలు నీటితోను, నాలుగు నెలలు ఎండతోను మా ఇండ్లు పోరాడవలసి యుండును.

నేను ఉద్యోగ విరమణ చేసిన మొదటి వేసవిలో మా ఇంట మూడు చిక్కులు ఒక్కసారిగా వచ్చిపడినవి. మొదటిది, క్రిందటి వానకాలమున ముందు గది స్లాబు కారి, లోపలి సున్నము పెచ్చులుగా రాలినది. రెండవది, పగలంతయు ఎండకు కాగిన స్లాబు రాత్రి పొయ్యివలె సెగలు గ్రక్కుచుండెను. మూడవది, బోరుబావిలో నీరు అడుగంటినది. కప్పు చూచిన ఒక గుత్తేదారు దానినంతటిని త్రవ్వి మరల వేయవలెనని చెప్పి, చీటీపై ఒక మొత్తము వ్రాసి యిచ్చెను. ఆ మొత్తము చూచి నా గుండె ఝల్లుమన్నది. అది యించుమించుగా నా మనుమరాలి నర్సింగు చదువునకై దాచిన సొమ్ముతో సమానము. ఆ బాలిక ఇంటర్మీడియటు పూర్తిచేసి, కళాశాలలో చేరుటకు ఎదురుచూచుచుండెను.

కప్పా? చదువా? అని రెండు రాత్రులు ఆలోచించితిని. మూడవనాడు ఉదయమున లేచి, “ఈ పనులన్నియు నేనే చేసికొందును. రెండు చేతులు ఉండగా ఒకరి ముఖము చూడనేల?” అని నిశ్చయించుకొంటిని. నిశ్చయము మంచిదే, కాని తెలివి లేని నిశ్చయము కన్ను లేని గుఱ్ఱము వంటిది.

మొట్టమొదట ఇంకుడుగుంతకు పూనుకొంటిని. వాన నీటిని వీధి పాలు చేయక భూమిలోనికి ఇంకించినచో బోరుబావిలో నీరు నిలుచునని వినియుంటిని. 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము కూడ, దీనినే వాల్టా చట్టము అందురు, వాన నీటిని భూమిలో నింపుకొను ఏర్పాట్లను ప్రోత్సహించుచున్నది. నేను గడ్డపార, పార, తట్ట తెచ్చి, కప్పు నీరు దిగు గొట్టమునకు దగ్గరగా నుండునని తలచి, గోడకు నాలుగడుగుల దూరమున ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు గల గుంతను నాలుగు దినములలో త్రవ్వితిని. చేతులు బొబ్బలెక్కినవి. రాళ్ళు, కంకర, ఇసుక నింపి, గొట్టము తెచ్చి అందులోనికి మళ్ళించి, వీధిలో పోవువారికెల్ల చూపి మురిసితిని. కూలి మిగిలినదని నా లెక్కల పుస్తకమున వ్రాసికొంటిని.

జూన్ చివర పెద్ద వాన కురిసెను. అరగంటలో నా గుంత నిండి పొర్లెను. నీరు వీధికైనను పోక, గోడ మొదట నిలిచెను. వారము దినములలో గది గోడ మోకాలి యెత్తువరకు చెమ్మగిల్లెను. నెల గడచుసరికి మూలనుండి కిటికీ వరకు వ్రేలు దూరునంతటి నెఱ్ఱె విచ్చెను. పైన కప్పు మునుపటివలెనే కారుచుండెను. నా భార్య ఏమియు అనలేదు. గిన్నెలు తెచ్చి చుక్కలు పడుచోట నుంచుచు, నావంక ఒక్కసారి చూచెను. ఆ చూపునకంటె నాలుగు మాటలన్నను బాగుండెడిది.

అప్పుడు మా వీధి చివర గోడ కట్టుచున్న మేస్త్రీని పిలిపించితిని. అతడు వచ్చి నమస్కరించి, “సారూ, నన్ను గుర్తుపట్టితిరా? ఏడవ తరగతిలో మీ వద్ద చదివినాను. పద్యములు అప్పజెప్పలేక రోజూ బెంచి ఎక్కినవాడను” అనెను. నాకు సిగ్గు కలిగినది. ఆనాడు అతనిని బెంచి ఎక్కించిన నేను, ఈనాడు అతని యెదుట చేతులు కట్టుకొని నిలుచుంటిని.

మేస్త్రీ గోడను కాదు, మొదట నేలను చూచెను. గుప్పెడు మన్ను తీసి, తడిపి, ఉండచేసి, నాకు చూపి యిట్లనెను: “సారూ, ఇది నల్లరేగడి. తడిసిన పొంగును, ఎండిన కుంచించుకొనును. పునాది ప్రక్కన దీనిని తడిపితిమా, అది ఇంటిని ఎత్తి దించును. పైగా ఈ మన్ను నీటిని త్వరగా త్రాగదు. మీరు త్రవ్వినది ఇంకుడుగుంత కాదు. గోడకు పెట్టిన నీళ్ళ కుండ.”

పిమ్మట నిచ్చెన వేసికొని కప్పు మీదికి ఎక్కెను. కొంతసేపటికి పైనుండి నన్ను పిలిచి, తూము నోటిలోనుండి తీసిన వేపాకుల ముద్దను చూపెను. ఆకులు, మట్టి, ఒక పిచ్చుకగూడు కలిసి తూమును బిరడావలె మూసినవి. పోవుటకు దారి లేని వాననీరు దినములకొలది కప్పు మీదనే నిలిచి, చిన్న బీటల గుండ దిగుచుండెను. “కప్పు చెడలేదు సారూ, దాని గొంతు పూడినది. ఈ తూము శుభ్రము చేసి, ఈ నాలుగు బీటలు పూడ్చిన చాలును” అనెను. కప్పంతయు మరల వేయవలెనన్న చీటీ నా జేబులోనే యుండెను. చదువా, కప్పా అని నేను రెండు రాత్రులు నిద్ర మానిన ప్రశ్నకు సమాధానము ఒక గుప్పెడు వేపాకులు!

అటు పిమ్మట అతడు పెరటి గోడ యొద్దకు పోయి, పొయ్యిలోని బొగ్గు ముక్క నొకటి తెప్పించి, గోడమీద నిలువుగా ఒక గీత గీచెను. “సారూ, గీతకు ఎడమ వైపు మీ పనులు, కుడి వైపు నా పనులు. మీ పనికి నన్ను పిలిచితిరా, డబ్బు దండుగ. నా పనికి మీరు దిగితిరా, ఇల్లు దండుగ” అని చెప్పెను.

“మరి ఏది ఎటువైపో నాకెట్లు తెలియును, నాయనా?” అని అడిగితిని.

అతడు మూడు ప్రశ్నలు చెప్పెను. మొదటిది: ఈ పనిలో తప్పు జరిగినచో ప్రాణమునకు అపాయము కలదా? కలదేని అది కుడి వైపు పని. రెండవది: తప్పు జరిగినచో మరల సరిదిద్దవచ్చునా? గోడకు వేసిన సున్నము బాగులేకున్న మరల వేయవచ్చును. పునాది కదలిన మరల కుదుర్చుట సులభము కాదు. మూడవది: ఈ పనికై కొను పనిముట్టు మరల వాడుదునా? ఒక్కసారి వాడి మూల పడవేయు పనిముట్టు కొనుటకంటె, దానితోపాటు పనివానినే పిలుచుట మేలు. ఈ మూడు ప్రశ్నలను నేను పలుమార్లు పరీక్షించితిని. ఇంతవరకు అవి తప్పలేదు.

ఇక మా ఇంట గీతకు ఎడమవైపున జరిగిన పనులను చెప్పెదను.

మొదటిది ఇంకుడుగుంత. పాత గుంతలోని రాళ్ళు తీసి, మన్నుతో నింపి దిమ్మిస కొట్టితిమి. క్రొత్త గుంతకు చోటు వెదకుటకై మేస్త్రీ ఒక సులువైన పరీక్ష నేర్పెను. పెరటిలో మూడు చోట్ల మూరెడు లోతు గుంటలు త్రవ్వి, నీరు నింపి, ఎచ్చట త్వరగా ఇంకునో చూడవలెను. పెరటి దిగువ కొసను మొరము నేల గలదు. అచ్చట నీరు త్వరగా ఇంకినది. ఆ చోటు ఇంటి గోడకు ఇరువది అడుగుల దూరము. ఇంకుడుగుంత గోడకు కనీసము పది అడుగుల దూరముననైనను, ఇంటికంటె పల్లమునను ఉండవలెను. వాననీటి గుంతలోనికి మరుగుదొడ్డి నీటిని ఎన్నడును విడువరాదు. అట్లు చేసినచో బావినీరే కలుషితమగును.

గుంత కొలతను నా మనుమరాలు లెక్క కట్టినది. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన కురిసినచో వచ్చు నీరు సరిగా ఒక లీటరు. మా కప్పు పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. అనగా 60 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడినచో 1,200 లీటర్ల నీరు దిగును. నేను త్రవ్విన మొదటి గుంత ఒక ఘనపు మీటరు. ఖాళీగా నున్నచో అందులో 1,000 లీటర్లు పట్టును గాని, రాళ్ళు నింపిన పిమ్మట వాని సందులలో నిలుచునది 400 లీటర్లకు మించదు. “తాతా, కుండెడు నీటికి ముంతను పెట్టితివి గదా!” అని ఆ పిల్ల నవ్వినది. క్రొత్త గుంతను రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, ఒక మీటరు లోతుతో త్రవ్వితిమి. అడుగున పెద్ద రాళ్ళు, వానిపై చిన్న రాళ్ళు, ఆపైన కంకర, అన్నిటికి మీద ఇసుక. గొట్టపు మూతికి జాలి కట్టి ఆకులు పడకుండ చేసితిమి. సంవత్సరమునకు 1,000 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ కప్పునుండి వచ్చు నీరు 60,000 లీటర్లు. ఐదవ వంతు వృథాయైనను 48,000 లీటర్లు, అనగా 20 లీటర్లు పట్టు బకెట్లు 2,400 నిండును. ఇంత నీటిని మేము ఏండ్లకొలది వీధి పాలు చేసితిమి.

రెండవది కప్పునకు సున్నము. తెల్లని వస్తువు ఎండను వెనుకకు త్రిప్పి పంపును. నల్లనిది లోనికి పీల్చుకొనును. అందుచేతనే వేసవిలో మనము తెల్లని బట్టలు ధరింతుము. ఇంటి కప్పునకును అదే సూత్రము. ఈ విషయమును గుర్తించియే తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. మార్కెట్టులో ఇందుకు ఖరీదైన రంగులు కలవు గాని, పేదవానికి సున్నమే చందనము. సున్నపురాయికి మన జిల్లాలో కొరత లేదు. దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారము వెలయుటకు అచ్చటి సున్నపురాయియే ఆధారము.

సున్నము కలుపుటలో జాగ్రత్త ముఖ్యము. కాల్చిన సున్నమును నీటిలో వేయగానే అది సలసల కాగి చిందును. కన్నులలో పడినచో చూపునకే ముప్పు. కావున పెద్దల యెదుటనే, కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు ధరించి కలుపవలెను. నీటిలో సున్నమును కొద్ది కొద్దిగా వేయవలెను గాని, సున్నము మీద నీరు గుమ్మరింపరాదు. ఒక రాత్రి నానిన పిమ్మట పలుచని గుడ్డతో వడకట్టి, అంటుకొని నిలుచుటకై కొంచెము బంక, ఉప్పు కలుపుదురు. కప్పును ఊడ్చి, తడిపి, పలుచగా మూడు పూతలు వేయవలెను. ఒక్కసారి చిక్కగా వేసినచో పెచ్చులుగా లేచును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయియగును. పలుచని పూత గట్టిగా నిలుచుటకు కారణమిదే. చల్లని ఉదయము వేళ, చుట్టును పిట్టగోడ గల మా స్లాబు మీద నేనును నా భార్యయు రెండు దినములలో ఈ పని ముగించితిమి. ఆ వేసవిలో రాత్రివేళ గదిలో నిద్ర పట్టినది.

మూడవది గదుల గోడలకు సున్నము. ఇందులో పొదుపు చేతిలో కంటె కొలతలో ఎక్కువగా నున్నది. పండ్రెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిని తీసికొనుడు. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. వైశాల్యము 440 చదరపు అడుగులు. మూడడుగులు, ఏడడుగుల తలుపునకు 21. నాలుగడుగుల చదరపు కిటికీకి 16. రెండును తీసివేయగా మిగులునది 403 చదరపు అడుగులు. ఇట్లు కొలిచి అంగడికి పోయినవాడు కావలసినంతయే కొనును. కొలవక పోయినవాడు అంగడివాడు చెప్పినంత కొనును.

నాలుగవది పెరటి తోట. వంటింట బియ్యము, కూరలు కడిగిన నీటిని చిన్న కాలువగా మళ్ళించి, చిక్కుడు, బీర, సొర తీగలను, పుంటికూరను, ఒక మునగ చెట్టును పెంచితిమి. ఒక మూల గుంతలో రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు, పేడ పొరలు పొరలుగా వేసి తడుపుచుండగా, కొన్ని నెలలకు నల్లని ఎరువైనది. మొదట నా కప్పును చెడగొట్టిన వేపాకులే ఇప్పుడు నా సొరతీగను పెంచుచున్నవి. వస్తువు చెడ్డది కాదు; దాని చోటు చెడ్డది.

ఇక గీతకు కుడివైపు మాట. గోడ నెఱ్ఱెను, కప్పు బీటలను మేస్త్రీయే పూడ్చెను. నెఱ్ఱెకు ఇరుప్రక్కల చిన్న గాజు పలకను అతికించి, ఒక నెల గడచినను అది పగులకుండుట చూచి, గోడ కదలిక ఆగినదని తెలిసికొన్న పిమ్మటనే పని మొదలుపెట్టెను. ఒడంబము పట్టి గోడ నిలువును, రసమట్టముతో కప్పు వాలును పరీక్షించెను. ఈ నేర్పు ఒక్కనాటిలో వచ్చునది కాదు. కరెంటు తీగల పని లైసెన్సు గల పనివానిదే. తడిచేతితో కూలరును ముట్టి ప్రాణము కోల్పోయిన వారి వార్తలను ప్రతి వేసవిలో వినుచునే యున్నాము. పాతబావిలో దిగుట, ఎత్తైన పెంకుల కప్పు ఎక్కుట, దూలములు మార్చుట, మోయు గోడలకు కన్నము వేయుట, ఇవన్నియు కుడివైపువే. గోదావరి దగ్గరనే యున్నదని అనుమతి లేకుండ ఇసుక తెచ్చుట కూడ కుడివైపుదే. అది పొదుపు కాదు, నేరము.

పని ముగిసిన నాడు మేస్త్రీకి కూలి యివ్వబోవుచు, శిష్యుడు గదా తగ్గించునేమోనని లోలోపల ఆశపడితిని. ఆ మాట నా ముఖమున కనబడినది కాబోలు. అతడు నవ్వి, “సారూ, పూర్తి కూలి ఇండి. ఊరకే చేసితినా, మొగమాటముచే మీరు మరల నన్ను పిలువరు, గోడను మీరే గిల్లుదురు” అనెను. పూర్తిగా ఇచ్చితిని. పనివాని కడుపు కొట్టి మిగిల్చినది పొదుపు కాదని ఆ దినము తెలిసినది. మన చేతితో చేయదగిన పనిని మనము చేసికొని, ఆ మిగిలిన సొమ్ముతో నేర్పరికి నిండు కూలి యిచ్చుటయే నిజమైన పొదుపు.

స్వయముగా పని చేసికొనుట లోభిత్వమని కొందరు తలంతురు. మన మంచిర్యాల మీదుగా ఉత్తరమునకు పోవు రైలు బల్లార్షా దాటి, వార్ధాకు చేరువనున్న సేవాగ్రామమును చేరును. 1936వ సంవత్సరమున మహాత్మా గాంధి ఆ పల్లెలో నివాసమేర్పరచుకొనెను. ఆనాడు దాని పేరు సేగావ్. అచ్చటి కుటీరములను మట్టితోను, వెదురుతోను, దేశవాళి పెంకులతోను, అనగా చుట్టుప్రక్కల దొరకు వస్తువులతోనే నిర్మించిరి. దేశదేశముల పెద్దలు వచ్చి ఆ మట్టి యింటి నేలమీదనే కూర్చుండిరి.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో 1917లో జన్మించిన లారీ బేకరు అను వాస్తుశిల్పి యువకుడుగా నున్నప్పుడు గాంధీజీని దర్శించెను. ఇంటికి చుట్టును ఐదు మైళ్ళలోపల దొరకు వస్తువులతోనే ఇల్లు కట్టవలెనన్న గాంధీజీ ఆలోచన తనకు జీవితాంతము దారి చూపినదని ఆయన చెప్పుచుండెడివాడు. 1945లో మన దేశమునకు పనికి వచ్చి, తరువాత కేరళలో స్థిరపడి, పేదవారికి తక్కువ వ్యయముతో ఇండ్లు కట్టించెను. ఇటుకలను పడుకోబెట్టక అంచుపై నిలిపి, గోడ లోపల సందులు విడిచి కట్టు పద్ధతిని ఆయన ప్రచారము చేసెను. దానిని ఎలుకబోను కట్టుబడి అందురు. అందువలన ఇటుకలు సుమారు నాలుగవ వంతు మిగులును; లోపలి గాలి పొర చేత ఎండ వేడిమియు తగ్గును. 1990లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2007లో ఆయన కీర్తిశేషుడయ్యెను. డబ్బు తక్కువగా నున్నచో బుద్ధిని ఎక్కువగా వాడవలెనని ఆయన కట్టడములు మనకు బోధించుచున్నవి.

బాలబాలికలారా! మీరును ఈ దినముననే ఒక పుస్తకము కుట్టి, “ఇంటి పనుల పుస్తకము” అని పేరు పెట్టుడు. పని జరిగిన తేదీ, వాడిన వస్తువులు, అయిన ఖర్చు, మిగిలిన కూలి, జరిగిన పొరపాటు అను ఐదు గడులు గీయుడు. చివరి గడిని దాచవలదు. నా పుస్తకములో మొదటి గుంతకు ఎదురుగా మిగిలిన కూలి నాలుగు దినములనియు, దానివలన గోడకైన ఖర్చు అంతకు మూడింతలనియు వ్రాసియున్నది. ఆ ఒక్క పంక్తి నాకు మిగిలిన పంక్తులన్నిటికంటె ఎక్కువ లాభము తెచ్చినది. మరియు వానకాలమునకు ముందు మీ పెద్దవారితో కప్పు తూమును చూపించుడు, ఆకులున్నచో తీయించుడు. ఆ పనికి పైసా ఖర్చు లేదు.

నా మనుమరాలు ఆ యేటనే కళాశాలలో చేరినది. దాచిన సొమ్ములో మేస్త్రీ కూలికిని, సామానునకును పోయినది పోగా రుసుమునకు సరిపడ మిగిలినది. ఇప్పుడామె చదువు ముగించి ఆసుపత్రిలో సేవ చేయుచున్నది. సెలవులకు వచ్చినప్పుడెల్ల పెరటిలోనికి పోయి గుంత మూతికి కట్టిన జాలిని తానే శుభ్రము చేయును.

ప్రతి సంవత్సరము దసరాకు ముందు ఇంటికంతకును నేనే సున్నము వేయుదును. పెరటి గోడమీద ఒక్క మూరెడు చోటును మాత్రము విడిచిపెట్టుదును. అచ్చట మేస్త్రీ గీచిన బొగ్గు గీత ఇంకను కలదు. ఏ పనికైనను గడ్డపార చేత పట్టుటకు ముందు నేను దాని యెదుట ఒక నిమిషము నిలిచి, ఈ పని ఎటువైపుదని నన్ను నేను అడిగికొందును.

ప్రశ్నలు

1. రచయిత త్రవ్విన మొదటి ఇంకుడుగుంతలోని మూడు లోపములను వ్రాయుము.
2. కప్పు కారుటకు అసలు కారణమేమి? దానివలన మనము నేర్చుకొనవలసినదేమి?
3. మేస్త్రీ చెప్పిన మూడు ప్రశ్నలు ఏవి? మీ ఇంటిలోని ఒక పనిని తీసికొని ఆ ప్రశ్నలతో పరీక్షింపుము.
4. మీ ఇంటి కప్పు వైశాల్యమును కొలిచి, 20 మిల్లీమీటర్ల వానకు ఎన్ని లీటర్ల నీరు దిగునో లెక్కించుము.
5. “పనివాని కడుపు కొట్టి మిగిల్చినది పొదుపు కాదు” అను వాక్యమును వివరింపుము.